పట్టు

బంపరు ఊడదీసి గడ్డి మీద
పాత కంబళి పరిచి పడుకోబెట్టాం.
పదకొండు క్లిప్పుల్లో నాలుగు విరిగాయి.
బ్లఫ్ రేవు మీంచి గాలి.
ఇక్కడ గాలికి ఆదివారం లేదు.
మొహం ఊడిన లెగసీ
పళ్ళ డాక్టరు కుర్చీలో మనిషిలా
నోరు తెరుచుకుని ఉంది.

"ఇంతకీ ఇది చేసే పనేమిటే హుయా?" అన్నాడు రెవీ బాబాయ్.
చెప్పాను.
టర్బో గాలిని పిండుతుంది.
పిండితే గాలికి ఒళ్ళు కాలుతుంది.
కాలిన గాలి పల్చన, ఎంత తాగినా ఇంజనుకు ఆకలి తీరదు.
అందుకని లోపలికి పోయేముందు
ఈ రెక్కల సందుల్లో నడిపించి
కాస్త స్థిమితపడ్డాక పంపాలి.
కంపెనీ వాడిచ్చిన కూలరు ఇంజను నెత్తి మీదే ఉంటుంది,
పొయ్యి మీద పెట్టిన ఐసుముక్క.

నవ్వాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు మాంసం ఫ్యాక్టరీ శీతల గదిలో
మైనస్ పద్దెనిమిదిలో గొర్రె మొండేలు మోసినవాడు.
"చల్లదనం గురించి నాకా పాఠం?
ఆ పన్నెండో నంబరు పానా ఇటివ్వు" అంటూ
చెయ్యి చాపాడు.
ఆ చేతి రెండు వేళ్ళ కొసలకి
ఇప్పటికీ స్పర్శ లేదు.

కిట్టుతో వచ్చిన కాగితంలో బొమ్మలు వేరే కారువి.
హారన్‌కి చోటు మిగల్లేదు.
ముందరి ఇనుప దూలాన్ని ఒక మూల కొయ్యాలి.
గ్రైండరు రవ్వలు గుమ్మం దాటి తడిగడ్డిలో చచ్చిపోయాయి.
మళ్ళీ అతకలేనిదాన్ని కోస్తున్నంతసేపూ
ఇద్దరం మాట్లాడుకోలేదు.

"మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నది నేనే.
ఐదింటికి చీకటి పడ్డాక మొదటిసారి రోడ్డెక్కాం.
మూడో గేరు. కాలు నొక్కాను.
ఠప్!
గొట్టం ఊడింది.
నల్లగా దగ్గుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాం.
బిగించాం. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే గొట్టం.
ఈసారి క్లాంపు మరలు అరిగేదాకా తిప్పాను,
ఏడుపొచ్చేదాకా తిప్పాను.
సిలికాన్ నున్నన, అల్యూమినియం నున్నన.
ఒకదాన్నొకటి పట్టుకోవడానికి
రెంటికీ ఏ కారణమూ లేదు.

బాబాయ్ చేతులు తుడుచుకుని ఇంట్లోకి పోయాడు.
చాలాసేపు రాలేదు.
వచ్చినప్పుడు చేతిలో హెయిర్ స్ప్రే డబ్బా,
ఊదారంగు మూత.

రిపేకా పిన్నిది.
ఈ ఊరి గాలిలో
జుట్టు చెదరకుండా నడిచిన ఒకే ఒక్క మనిషి.
రెండేళ్ళుగా స్నానాలగది అరలో
దువ్వెన పక్కన ఆ డబ్బా.
దుమ్ము తుడిచేటప్పుడు కూడా
దాని చుట్టూ తుడిచేవాడు.

"మా షిఫ్టులో ఒకడు చెప్పేవాడు,
తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరాక వదలదు."
ముందు పైపుకున్న నూనె తుడవమన్నాడు.
డబ్బా ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
సగం ఉంది.
గొట్టం లోపల చుట్టూ కొట్టాడు.
అవసరమైనదానికంటే
ఒక్క లిప్త ఎక్కువ నొక్కాడు.

గ్రీజు, బ్రేకు ద్రవం, పాత టైర్లు,
వీటన్నిటి మీదా శనివారం సాయంత్రం వచ్చి కూచుంది.
క్లబ్బుకి ఆలస్యమవుతోందని అద్దం ముందు అరుస్తున్న పిన్ని
తలుపవతలే ఉన్నట్టు.
నేను పైపు మీదికి గొట్టం తోస్తూ
తల ఎత్తలేదు.
"కొత్త క్లాంపు" అన్నాడు.
ఇచ్చాను.
"రాత్రంతా ఆరనీ."

తెల్లారి ఇన్వర్‌కార్గిల్ దారిలో
మూడో గేరు, నాలుగో గేరు.
కంచెల వెనక గొర్రెలు తల తిప్పి చూసేలోపే దాటిపోయాం.
ఏ గొట్టమూ ఊడలేదు.
బాబాయ్ అద్దం దించి
తల కాస్త బయట పెట్టాడు.
నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలూ నాలుగు వైపులకి.

ఇంటికొచ్చి కూలరు మీద అరచెయ్యి ఆనించాడు.
"చల్లగానే ఉంది" అన్నాడు.
ఏ వేళ్ళతో చూశాడో అడగలేదు.

డబ్బా మళ్ళీ లోపలికి పోలేదు.
గ్యారేజీ అరలో, గ్రీజు పక్కన,
మూత పెట్టి ఉంది.
హారన్ ఇంకా బిగించాలి.